కుక్కరుకు మారకంగా వచ్చిన మూకీ

డిస్కులకు కాలం చెల్లిందని మా కొట్టు ముందు మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడకు కూడా తెలుసు. ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ రెండో చేతిలో ఫోను పట్టుకుని చూసేదే ఆవిడకు సినిమా. అలాంటి రోజుల్లో, పుట్టినప్పటి నుంచీ బేరాల మధ్యే పెరిగిన నేను, తెనాలిలో ఒక మేడ మీద గంటన్నర నిలబడి, ఎదుటి మనిషిని మూడు చెరువుల నీళ్లు తాగించి, ఒక డిస్కు ప్లేయరు సంపాదించాను. దాంతోపాటు ఒకే ఒక్క సినిమా. జర్మనీ వాళ్లది. మా తాతగారు నిక్కర్లు వేసుకునే కాలం నాటిది. అందులో ఎవరూ మాట్లాడరు. ఇంతకన్నా గొప్ప బేరం బాపట్లలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, నా గల్లాపెట్టె తాళాలు వాళ్లకే ఇచ్చేస్తాను.

నేను పుట్టింది తెనాలిలో. మా నాన్నగారిది స్టీలు సామాన్ల కొట్టు. వెనక గొడౌన్లోనే నాకు ఉయ్యాల కట్టారనీ, గిన్నెలు దొర్లిన చప్పుడు వినపడితే తప్ప నిద్రపోయేదాన్ని కాదనీ మా అమ్మ చెప్పేది. పెళ్లయి బాపట్ల వచ్చాక, మా ఆయన స్కూల్లో లెక్కలు చెప్పుకుంటుంటే, నేను ఊరికే కూర్చోలేక నాదీ ఒక స్టీలు కొట్టు పెట్టాను. నెలకోసారి సరుకు కోసం తెనాలి వెళ్తాను. ఆ రోజు కూడా అలాగే వెళ్లాను. సరుకు కట్టించి డబ్బు కడుతుంటే, నాకు హోల్‌సేల్‌గా ఇచ్చే ఆయన మాటల్లో మాటగా, మేడ మీద అద్దెకుంటున్న మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ, ఏవో సామాన్లు అమ్ముతున్నారనీ అన్నాడు. అమ్ముతున్నారు అనే మాట వినపడితే నా కాళ్లు నా మాట వినవు. మెట్లెక్కేశాను.

మాస్టారు డెబ్బై దాటిన మనిషి. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారట. విశాఖపట్నంలో చెల్లెలి ఇంటికి దగ్గర్లో ఒక గది తీసుకుని వెళ్లిపోతున్నారు. పుస్తకాలన్నీ అప్పటికే లైబ్రరీకి పంపేశారు. మంచాన్నీ బీరువానూ ఎవరో మాట్లాడుకుని వెళ్లారు. మిగిలింది ఆ ప్లేయరు. దాని మీద ఒక్క రవ్వ దుమ్ము లేదు. దుమ్ము లేని పాత సామాను కనిపిస్తే, అది దేనికి పనికొస్తుందో ఆలోచించే ముందే నా నోరు ధర అడిగేస్తుంది.

ఆయన ధర చెప్పారు. మా ఇంటి పద్ధతి ప్రకారం నేను ముందు నవ్వాను. తర్వాత వెనక్కి తిప్పి చూసి, వైర్లు లాగి చూసి, ఇప్పుడివి ఎవరు కొంటున్నారండీ అని నిట్టూర్చాను. ఆ చివరి మాట అక్షరాలా నిజమని అప్పుడు నాకే తోచలేదు, అదీ నా తెలివి. ఆయన కొంచెం తగ్గారు. డబ్బు వద్దులెండి, మారకం వేసుకుందాం అన్నాను. ఒంటరిగా వండుకునే మనిషికి కావలసినవన్నీ, మూడు లీటర్ల కుక్కరు, మూకుడు, రెండు కంచాలు, ఒక చెంబు, రేపటికల్లా కింది కొట్టుకు పంపిస్తానన్నాను. ఆ కుక్కరు మోడలు ఆగిపోయి చాలా కాలమైంది. నా కొట్టులో పై అరలో పడి ఉంది. నా సరుక్కి డబ్బా మీద ధర కట్టాను, ఆయన సరుక్కి పాత సామాను ధర కట్టాను. అప్పటికీ ఆయన ఇంకా ఊగిసలాడుతుంటే ఆఖరి బాణం వేశాను.

"మా పెద్దమ్మకి చెవులు వినపడవండి. రేపల్లెలో ఉంటుంది. ఇంట్లోంచి కదలడం మానేసింది. ఆవిడ కాలక్షేపం కోసం అడుగుతున్నానండి, నా కోసం కాదు."

పెద్దమ్మ ఉన్న మాట నిజం. వినపడని మాట నిజం. ఆ ప్లేయరు ఆవిడ కోసమన్నది మాత్రం అప్పటికప్పుడు పుట్టించింది. వారం తిరక్కుండా ఎవరికో రెట్టింపుకు అమ్మేద్దామని నా ఆలోచన.

మాస్టారు ఒక్క నిమిషం నా వైపు చూశారు. బేరం సంగతి వదిలేసి లోపలికి వెళ్లి ఒక సన్నటి నీలం పెట్టె తెచ్చారు. అయితే ఇది కూడా ఆవిడకే ఇవ్వండమ్మా అన్నారు. చదువుకునే రోజుల్లో ఏదో ఫిల్మ్ క్లబ్బులో, గోడకు కట్టిన దుప్పటి మీద ఆ సినిమా చూశారట. సగం రీళ్లు లేవు, ఉన్నవి గీతలు పడిపోయాయి. ఇప్పుడు జర్మనీలో ఎవరో పూనుకుని, ఏ దేశంలో ఏ గొడౌన్లో దాని ముక్కలున్నాయో వెతికి పట్టుకుని, ఒక్కో బొమ్మ కడిగి, వరసలో అతికించి, ఇంట్లో కూర్చుని చూసేలా డిస్కు విడుదల చేశారట. దీని కోసమే ఆ ప్లేయరు తెప్పించుకున్నానని, మామూలు వాటిలో ఈ డిస్కు ఆడకపోవచ్చని, రెండిటినీ విడదీయవద్దని చెప్పారు.

ఆయన అంత ప్రేమగా చెబుతుంటే నాకు కలిగింది అనుమానం. మా వ్యాపారంలో అడక్కుండా పైన వేసి ఇచ్చేది ఎప్పుడూ అమ్ముడుపోని సరుకే. నేను కూడా బిందె కొన్నవాళ్లకి ఎవరూ కొనని సొట్ట గరిటె వేసి, మీరు కాబట్టి ఇస్తున్నానంటాను. అయినా ఉచితంగా వచ్చేదాన్ని వద్దనడం మా వంశంలో లేదు.

తిరుగు రైల్లో కూర్చున్నాక పెట్టె తీసి చదివాను. నా ఇంగ్లీషుతో ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషను వచ్చేసరికి ఒక పేరా అవుతుంది. నిడుబ్రోలు దాటాక అర్థమైంది, ఇది మూకీ అని. సినిమా పేరు పలకడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఇక్కడ రాయను, తప్పు రాస్తే మాస్టారికి తెలిసిపోతుంది. ఇంటికొచ్చి మా ఆయనకు చూపిస్తే, పెట్టె అటూ ఇటూ తిప్పి, "మంచిదే తెచ్చావు, ఇంట్లో ఒకటైనా మాట్లాడకుండా ఉంటుంది" అన్నారు.

తర్వాత మూడు వారాలు ఆ ప్లేయరుని అమ్మజూపని చోటు లేదు. ఫోన్లు బాగుచేసే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కేబులు ఆయన, "అక్కా, దీన్ని మ్యూజియం వాళ్లకిచ్చి సన్మానం చేయించుకో" అన్నాడు. ఆఖరికి అది నా కొట్టులో, ఆ కుక్కరు ఖాళీ చేసి వెళ్లిన అదే పై అరలో కూర్చుంది.

ఆ రోజుల్లోనే రేపల్లె నుంచి అన్నయ్య ఫోను చేశాడు. అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు.

పెద్దమ్మ గురించి ముందు చెప్పాలి. నాకు వచ్చిన వ్యాపారంలో మా నాన్నగారు నేర్పింది కొంతే, మిగతాదంతా ఆవిడ చలవ. రేపల్లెలో పెద్దనాన్న పోయాక స్టీలు కొట్టు ఆవిడే నడిపింది. ముందు కొట్టు, వెనక ఇల్లు. వేసవి సెలవుల్లో వెళ్తే నన్ను గల్లా పక్కన చిన్న స్టూలు మీద కూర్చోబెట్టుకునేది. కొనేవాళ్లు చెప్పేది వినకే, చేతులు చూడు అనేది. వద్దంటున్న గిన్నె మీద నుంచి చెయ్యి తీశారా లేదా చూడు, తీయకపోతే ధర తగ్గించకు. నిజాంపట్నం వైపు నుంచి చేపలమ్మేవాళ్లు వచ్చి గంగాళాలు కొనేవాళ్లు. వాళ్ల నోటికి ఎదురుండేది కాదు. పెద్దమ్మ మాత్రం తమలపాకు తొడిమ తుంచుకుంటూ వాళ్ల చేతుల వైపే చూస్తూ కూర్చునేది. ఎప్పుడూ ఓడిపోయినట్టు చూడలేదు.

అరవై అయిదు దాటాక ఆవిడకు చెవులు మందగించాయి. గుంటూరు తీసుకెళ్లి మిషను పెట్టించారు. స్టీలు కొట్టులో ఆ మిషను పెట్టుకుని కూర్చోవడమంటే తల మీద పళ్లేలు కురిపించుకోవడమే. ఒక మూత జారి పడితే ఆవిడకు పిడుగు పడ్డట్టుండేది. నాలుగు రోజులు చూసి, దాన్ని కుంకుమ భరిణెలో పెట్టి మూసేసింది.

చెవులు మందగించినవాళ్లకు ఒక అలవాటు వస్తుంది. ఎదుటివాళ్లు రెండుసార్లు చెప్పినా అందకపోతే, మూడోసారి అడగడానికి మొహమాటపడి తల ఊపేస్తారు. మామూలు ఇళ్లలో ఇది ప్రమాదం కాదు. కొట్టులో తల ఊపితే బేరం కుదిరినట్టే. ఒకరోజు పొద్దున్నే, షట్టరు తీసిన వెంటనే, గృహప్రవేశానికని ఒక కుటుంబం వచ్చి ఇంటెడు సామాను తీయించింది. కొన్న ధరకన్నా బాగా కిందకి ఏదో అడిగారు. పెద్దమ్మ తల ఊపింది. వాళ్లు సంతోషంగా మూటలు కట్టించుకున్నారు. డబ్బు చేతికొచ్చాక ఆవిడకు సంగతి తెలిసింది. బోణీ బేరం, పైగా తల ఊపిన బేరం. వెనక్కి తీసుకుంటే ఆవిడ దృష్టిలో అది కొట్టు కాదు. నవ్వుతూ సంచులు అందించి పంపేసింది.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నయ్య మంచివాడు. అమ్మా, ఇక రెస్టు తీసుకో అన్నాడంతే. మర్నాటి నుంచి ఆవిడ గల్లా దగ్గరికి రాలేదు. తర్వాత పేరంటాలకు వెళ్లడం మానేసింది. ఆ తర్వాత మనుషులొస్తే ముందు గదిలోకి రావడం కూడా మానేసింది.

ఇప్పుడు అన్నయ్య ఫోను దేనికంటే, కొట్టు తీసేసి సెల్‌ఫోన్ల షాపు వాళ్లకి అద్దెకిస్తున్నాడట. శుక్రవారం వాళ్లు అడ్వాన్సు తెస్తారు. అడ్వాన్సు అందాక ఇక మాట మార్చడం ఉండదు. అమ్మని అడిగావా అన్నాను. "అడిగానే. కాగితం మీద రాసి కూడా చూపించా. తల ఊపింది" అన్నాడు. మిగిలిన సరుకంతా నేను తీసుకుంటే బయటివాళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదని అతని ఉద్దేశం.

నిజం చెప్పాలి కదా. ఫోను పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది పెద్దమ్మ కాదు, ఆ కొట్టు పై అంతస్తులో ఉన్న పాత రకం బరువు గంగాళాలు. అలాంటివి ఇప్పుడు దొరకవు. తొందరలో ఉన్నవాడు ఎంతకైనా ఇస్తాడు. బుధవారం పొద్దున్నే బయల్దేరాను. సంచిలో ఆ ప్లేయరు కూడా పెట్టుకున్నాను. సరుకు ధరలో కొంత డబ్బుకు బదులు దాన్ని వదినకు అంటగట్టేద్దామని. చెరుకుపల్లి మీదుగా బస్సులో కుదుపులకి అది నా ఒళ్లో ఎగురుతుంటే, ఇవాళ్టితో నీకు నాకు ఋణం తీరిపోతుంది అనుకున్నాను.

పెద్దమ్మ నన్ను చూసి నవ్వింది. చెయ్యి పట్టుకుంది. నేనేదో అడిగితే తల ఊపింది. నేను అడిగింది, నీకు మోకాళ్లు నొప్పులు ఎక్కువయ్యాయా, తగ్గాయా అని. దానికి తల ఊపితే ఏమిటి అర్థం? అప్పుడు పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక కొట్టు షట్టరు సగం దించి అన్నయ్య లోపలికొచ్చాడు. నేను ప్లేయరు తీసి వదిన ముందు పెట్టాను. ఆవిడ కూడా వ్యాపారస్తుల ఇంటి పిల్లే.

"పనిచేస్తుందో లేదో చూపించు వదినా, తర్వాత ధర మాట్లాడదాం" అంది.

చూపించడానికి నా దగ్గరున్నది ఒక్కటే డిస్కు. వైరు టీవీకి గుచ్చి, అది పెట్టాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, తర్వాత సముద్రం, పడవలు, రేవులో చేపల బజారు. బొమ్మ ఎంత శుభ్రంగా ఉందంటే చేపల మీద తడి కూడా కనిపిస్తోంది. వయొలిన్లు మోగుతున్నాయి. పాటలున్నాయా అని వదిన అడిగింది. లేవన్నాను. మాటలు? అవీ లేవన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి ప్లేయరు ధర సగానికి పడిపోయిందని అర్థమైంది.

ఇంతలో వెనక గది గుమ్మం దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. మమ్మల్ని కాదు, టీవీని చూస్తోంది. మెల్లగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. సినిమాలో ఒక ఆడమనిషి ఉప్పు చేపలు తూచి అమ్ముతోంది. పెద్ద ఇనప కాటా. కాటా పళ్లెం మీద ఆవిడ బొటనవేలు ఆనీ ఆననట్టు ఉంది. పెద్దమ్మ ఒక్కసారిగా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆవిడ నవ్వు బయటికి వినపడిందని తర్వాత వదిన చెప్పింది.

"చూశావా, దొంగముండ. వేలు నొక్కుతోంది" అంది.

మాకెవరికీ ఆ వేలు కనిపించలేదు. వెనక్కి తిప్పి చూశాం. ఉంది.

మధ్యమధ్యలో మాటల కార్డులు వస్తాయి. జర్మనులో, కింద ఇంగ్లీషులో. నేను బిల్లు పుస్తకం వెనక పెద్ద అక్షరాలతో తెలుగు చేసి రాసి పెద్దమ్మ ముందు పెట్టబోయాను. రెండుసార్లు చూసి మూడోసారి పుస్తకాన్ని పక్కకి తోసేసింది. "రాయకే, అడ్డం. నాకు తెలుస్తోంది" అంది. అప్పుడు అన్నయ్య ఒక పని చేశాడు. అతను మంచివాడని ఊరికే అనలేదు. రిమోటు తీసుకుని వయొలిన్ల చప్పుడు పూర్తిగా తీసేశాడు. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడే మిగిలింది. ఇక ఆ సినిమాలో మాకు వినపడేదీ, ఆవిడకు వినపడనిదీ ఏమీ లేదు. నలుగురం సమానం అయ్యాం. కాదు, ఆవిడ మాకన్నా పది మెట్లు పైనుంది. ఎవరు అబద్ధమాడుతున్నారో, ఎవరి జేబులో డబ్బుందో, ఎవరు లేచి వెళ్లిపోతారో ముందే చెప్పేస్తోంది. మేం ఆవిణ్ని అడిగి తెలుసుకుంటున్నాం.

కథ పెద్దదేం కాదు. రేవులో గిడ్డంగులున్న ఒక షావుకారు ఆ ఉప్పు చేపలావిడ దుకాణం చోటు కొనేయాలని చూస్తాడు. కానుకలు తెస్తాడు, బెదిరిస్తాడు, కొసకి కుర్చీ వేసుకుని ఆవిడ ముందు కూర్చుంటాడు. చాలాసేపు ఆ ఇద్దరే. వాడు మాట్లాడుతూనే ఉంటాడు, నోరు ఆడుతూనే ఉంటుంది, ఒక్క కార్డు కూడా రాదు. ఆవిడ కాటా మీద చెయ్యి వేసుకుని చూస్తుంటుంది. పెద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

సరిగ్గా అక్కడ బొమ్మ ఆగిపోయింది. పాడైపోయిందేమో, నా బేరం మంటగలిసిందేమో అనుకున్నాను. కాదు. ఒక కార్డు వచ్చింది. ఈ చోట ఫిల్ము ఎక్కడా దొరకలేదనీ, అప్పటి సెన్సారు కాగితాల్లో ఉన్నదాన్ని, షూటింగప్పుడు తీసిన ఫోటోనీ పెడుతున్నామనీ రాశారు. తర్వాత ఆ ఫోటో. షావుకారు, ఆవిడ. దాని కింద ఒకే వాక్యం: ఆమె తల ఊపుతుంది.

నేను చదివాను. అన్నయ్య, "అయితే ఒప్పేసుకుందన్నమాట" అన్నాడు. అని, అలవాటు కొద్దీ, తల్లికి అర్థమయ్యేలా తన తల ఊపి, చేత్తో దుకాణం ఇచ్చేసినట్టు సైగ చేసి చూపించాడు.

పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఎవరన్నారు ఒప్పుకుందని? చెయ్యి చూడరా. కాటా మీద నుంచి తీసిందా?"

చూశాం. ఫోటోలో ఆవిడ చెయ్యి కాటా మీదే ఉంది. వేళ్లు బిగించి ఉన్నాయి.

"వాడు వాగడం ఆపుతాడని ఊపింది" అంది పెద్దమ్మ. "నేనూ అంతే."

అన్నయ్య రిమోటు కింద పెట్టేశాడు. సినిమా దానంతటది ముందుకు వెళ్లింది. తెల్లారింది, షావుకారు తాళాలగుత్తి ఊపుకుంటూ వచ్చాడు, ఉప్పు చేపలావిడ మామూలుగానే దుకాణం తీసి చేపలు తూస్తోంది. వాడి మొహం చూసి నవ్వు రావాల్సిన చోటు అది. మేం ఎవరం నవ్వలేదు. అన్నయ్య బిల్లు పుస్తకం తీసుకుని, నేను రాసినదాని కింద ఏదో రాసి తల్లికి ఇచ్చాడు. నేను మెడ సాచి చూశాను. సిగ్గుపడాల్సిన పనే, కానీ చూశాను. 'కొట్టు ఇవ్వడం నీకు ఇష్టం లేదా?' అని ఉంది.

పెద్దమ్మ ఈసారి తల ఊపలేదు. నోటితో, గట్టిగా, వీధిలోకి వినపడేలా, "లేదు" అంది.

తర్వాత మిగిలిన సినిమా కూడా చూసింది. చివర్లో ఆ చోటు ఎలాగూ దక్కక, ఉప్పు చేపలావిడ కాటాని పడవలోకి ఎక్కించుకుని రేవులో తిరుగుతూ అమ్ముకుంటుంది. వదిన కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ మాత్రం పెదవి విరిచింది. "పడవ మీద కాటా నిలుస్తుందటే? ఊగదూ? తూకం ఏం వస్తుంది?" అంది.

శుక్రవారం అడ్వాన్సు తెచ్చినవాళ్లని అన్నయ్య వెనక్కి పంపాడు. నా గంగాళాలు పై అంతస్తులోనే ఉండిపోయాయి. ప్లేయరు ధర మాట మళ్లీ ఎత్తడానికి నాకు నోరు రాలేదు. తిరిగి బస్సెక్కేటప్పుడు సంచి తేలిగ్గా ఉంది. నేను బేరం పోగొట్టుకుని వస్తున్నానని తెలుసు. అయినా చెరుకుపల్లి దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చాక అర్థమైంది, మాస్టారు ఆ రోజు నా బేరం వదిలేసి లోపలికి ఎందుకు వెళ్లారో. వినపడని మనిషి కోసమన్నానని, వినపడక్కర్లేని సినిమా తెచ్చి ఇచ్చారు. అదీ తనకున్న ఒక్కటీ. నేను దాన్ని సొట్ట గరిటె అనుకున్నాను. మూతలు పోయిన గిన్నెలకు మూతలు వెతికి జత చేసేవాళ్లని తెనాలి బజార్లో చూశాను. ఒక దేశంలో గిన్నె, ఇంకో దేశంలో మూత, మధ్యలో వందేళ్లు. అయినా ఓపిగ్గా జత చేసి, దొరకని చోట దొరకలేదని నిజాయితీగా కార్డు పెట్టిన ఆ జర్మనీ వాళ్లెవరో నాకు తెలీదు. ఆ కార్డు పెట్టకుండా ఏదో ఒకటి కల్పించి అతికించి ఉంటే మా పెద్దమ్మ నోరు విప్పేది కాదు. వాళ్లకు చెప్పుకోవాల్సిన కృతజ్ఞత ఏ అడ్రసుకి పంపాలో తెలీక, తెలిసిన ఒక్క నంబరుకు ఫోను చేశాను.

"మాస్టారూ, ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పానండి."

"మీకు పెద్దమ్మగారు లేరా అమ్మా?"

"ఉన్నారండి."

"వినపడదన్నది?"

"అది నిజమేనండి."

"మరి అబద్ధం ఏంటండి ఇందులో?"

"ఆవిడ కోసమే తీసుకుంటున్నానన్నది అబద్ధమండి. అమ్ముకుందామనుకున్నాను."

తర్వాత ఆయన అడిగిందల్లా, ఆ కాటా దగ్గర బేరం చూసి పెద్దమ్మగారు ఏమన్నారు అని. చెప్పాను. చెయ్యి సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. చదువుకునే రోజుల నుంచీ, ఆవిడ ఒప్పుకుని తెల్లారేసరికి మనసు మార్చుకుందనే అనుకుంటూ వచ్చారట. "నాకు పాఠం చెప్పారని పెద్దమ్మగారికి చెప్పండమ్మా" అన్నారు.

ఫోను పెట్టేసేముందు, ఊరికే ఉండలేక, కుక్కరు ఎలా ఉందండీ అని అడిగాను. బాగానే ఉడుకుతుందనీ, ఆవిరి కాస్త పక్కనుంచి పోతుందనీ, మూత సరిగ్గా పెట్టడం తనకే చేతకావట్లేదేమోననీ అన్నారు. ఆయనకు చేతకాకపోవడం కాదు. పై అరలో అన్నేళ్లు పడి ఉండి ఆ రబ్బరు గట్టిపడిపోయింది. ఇచ్చేటప్పుడే నాకు తెలుసు.

ఇక లెక్క. పెద్దమ్మ చెవులు అలాగే ఉన్నాయి. పొద్దున్న బోణీ నుంచి టిఫిన్ల వేళ దాటేదాకా గల్లా దగ్గర కూర్చుంటుంది. ధర నోటితో కాదు, పలక మీద రాసి చూపించండని కొనేవాళ్లకు తనే చెబుతుంది. అయినా రెండుసార్లు పొరపాటు చేసింది, నష్టం వచ్చింది. కొట్టు మొత్తం నిలబడలేదు కూడా. సగం అడ్డుగోడ కట్టి సెల్‌ఫోన్ల వాళ్లకే ఇచ్చారు. కాకపోతే ఆ అద్దె ఎంతో పెద్దమ్మే పలక మీద రాసింది, వాళ్ల చేతులు చూసుకుంటూ. ఒక్క రూపాయి తగ్గించలేదట. నాకు ఆ ఏడాదికల్లా పెద్ద లాభం రావాల్సిన సరుకు చేజారింది. ప్లేయరు, సినిమా రేపల్లెలో ఉన్నాయి, ఊరికే. కుక్కరు, మూకుడు, రెండు కంచాలు, చెంబు విశాఖపట్నంలో ఉన్నాయి. వాటికి నేను కట్టిన ధరలో సగం అన్యాయం. దాన్ని ఎలా తీర్చాలో ఇంకా తెలీలేదు. తెలిసినంత వరకు తీర్చాను. మంచి కంపెనీ కుక్కరు రబ్బర్లు రెండు, ఒకటి వాడుకకు, ఒకటి ముందు జాగ్రత్తకు, నూట తొంభై. కొరియరు నూట ఇరవై. కౌంటర్లో ఆవిడ చెప్పినంతా ఇచ్చేశాను, తగ్గించమని అడగలేదు. మొత్తం మూడు వందల పది రూపాయలు.